చప్పుడు చేసే పెట్టె

కళ్లు లేనివాళ్లకు పాము చెవులుంటాయని లోకం నమ్ముతుంది. ఈ నమ్మకం ఈదయ్యకు పరమ చిరాకు. బస్సులో పక్కన కూర్చున్నవాడు జాలి గొంతు పెట్టి, "దేవుడు ఒకటి తీస్కుంటే ఇంకోటి ఇస్తడు గద అన్నా" అంటే, "నాకేమిచ్చిండో జర నువ్వే చూసి చెప్పరాదు" అంటాడు. ఆ తర్వాత పక్క సీటు ఖాళీ అవుతుంది.

అంతటి ఈదయ్యే ఒక మధ్యాహ్నం నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో, కళ్యాణ్ అనే కుర్రవాడి కంప్యూటర్ దుకాణంలో కూర్చుని, ఫ్యాన్లను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టించుకుని ఏరాడు. ఎందుకు ఏరాడో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈదయ్యది మహబూబ్‌నగర్ జిల్లా. చిన్నప్పుడే అమ్మవారు పోసి చూపు పోయింది. తల్లి బుగ్గమ్మ ఇటుకలు మోసే పనికి పట్నం వచ్చి, ముషీరాబాద్ బస్తీలో గది తీసుకుని, కొడుకును అంధుల బడి హాస్టల్లో వేసింది. వేసేటప్పుడు ఏడవలేదు. "చదువుకుంటె కూసొని తింటవు, లేకుంటె అడుక్కొని తింటవు" అని మాత్రం చెప్పింది. ఆమె అంతకంటే పెద్ద బోధ చేయలేదు, అతనికి అంతకంటే అవసరమూ పడలేదు. చరిత్రలో ఎం.ఏ. చేశాడు. నారాయణగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే పని దొరికింది. ప్రభుత్వ ఉద్యోగం మాత్రం దొరకలేదు. చిక్కడపల్లి సందులో మొదటి అంతస్తు గదిలో ఉంటూ, గ్రూప్స్ పరీక్షలు రాస్తూ, తప్పుతూ, మళ్లీ రాస్తూ నలభై దాటాడు. గదిలో అతనితో ఎల్లేశం ఉంటాడు. అతనికీ చూపు లేదు. అతనూ అదే పరీక్షకు చదువుతున్నాడు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా అతనికే ఉంది.

చూపున్న అభ్యర్థి పుస్తకం కొంటే చదువు మొదలైనట్టు. ఈదయ్యకు పుస్తకం కొన్నాక అసలు కష్టం మొదలవుతుంది. చదివే గొంతు కావాలి. ఫోను పేజీని ఫొటో తీసి చదువుతుంది గాని, పాత అచ్చు తెలుగును అది చదువుతుంటే ఒత్తులన్నీ ఎవరో గంపలో కుదిపి పోసినట్టు వినపడుతుంది. మనిషే చదవాలి. చదివే మనుషులు అప్పుడప్పుడు వస్తారు. మొదటి ఆదివారం ఉత్సాహంగా వస్తారు, రెండో ఆదివారం ఫొటో దిగుతారు, మూడో ఆదివారం చుట్టాలింట్లో పెళ్లి ఉంటుంది.

చంద్రిక అలా రాలేదు. ఆమెది జనగామ వైపు పల్లె, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి అదే పరీక్షకు చదివేది. గట్టిగా చదివితే తప్ప ఆమెకు బుర్రకెక్కదు. గదిలోని తక్కిన అమ్మాయిలు ఆమెనూ ఆమె పుస్తకాన్నీ కలిపి మేడ మీదికి తరిమారు. టిఫిన్ బండి దగ్గర ఆమె ఎవరితోనో ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే ఎల్లేశం విన్నాడు.

"అక్కా, ఎట్లయిన అరుస్తున్నవు. ఆ అరిచేదేదో ఫోన్ల రికార్డు చేస్కుంట అరువు. మాకు పంపు. నీకేం పోతది?"

"నాకేమొస్తది?"

"మేం వింటం, తప్పు చదివితె తిడుతం."

ఆ బేరం ఆమెకు నచ్చింది. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని సిలబస్ మొత్తం చదివింది: చరిత్ర, ఉద్యమం, రాజ్యాంగం, భూగోళం, ఎకానమీ. పాఠం వెనకాల కుక్కర్ విజిల్ వినపడుతుంది, బట్టలు ఉతికే చప్పుడు వినపడుతుంది, ఒకచోట బకెట్ కోసం జరిగిన కొట్లాట అంతా వినపడుతుంది. ఈదయ్యకు ఆ కొట్లాట కంఠతా వచ్చు, దాని మధ్యలో నలిగిన నిజాం సంస్కరణలూ వచ్చు. ఒక సంఘంవాళ్లు ఆమెకు శాలువా కప్పుతామని వస్తే, "నా పరీక్షకు నేను చదువుకున్న. శాలువా ఎందుకు, ఎండాకాలం" అని పంపేసింది. ఈ ఒక్క మాటతో ఈదయ్యకు ఆమె మీద గౌరవం స్థిరపడిపోయింది. ఆమె దగ్గర అతను చేయి చాచలేదు. ఆమె కూడా ఏదో ఇస్తున్నట్టు ప్రవర్తించలేదు.

ఆ చదువు ఎక్కడ దాచాలన్నదే చిక్కు. ఫోన్లు గుడ్ మార్నింగ్ పూలతో నిండిపోతాయి. ఇంటర్నెట్‌లో చోటు కిరాయికి తీసుకుంటే నెలనెలా కట్టాలి, ఒక నెల తప్పితే అంతా పోతుంది. వినేవాళ్లేమో జిల్లాల నిండా ఉన్నారు. కొందరు పొద్దున పాలు పిండకముందు వింటారు, కొందరు ఇంట్లో అందరూ తిన్నాక వింటారు. అందుకని గదిలోనే ఒక చిన్న కంప్యూటర్ పెట్టాలని, అది ఎప్పుడూ ఆగకుండా నడవాలని, ఎవరికి ఏ పాఠం కావాలన్నా ఎక్కణ్నుంచైనా ఫోనులో లింకు నొక్కి వినాలని ఈదయ్య ఆలోచన. ఉన్నవాళ్లంతా తలా కొంత వేశారు. వేసినదాంట్లోనే అయిపోవాలి. అలా ఈదయ్య, ఎల్లేశం, చంద్రిక కలిసి కళ్యాణ్ దుకాణానికి వెళ్లారు.

కళ్యాణ్ పాత కంప్యూటర్లు విప్పి, బాగున్న సామాను వేరు చేసి, మళ్లీ కట్టి అమ్ముతాడు. అబద్ధమాడే అలవాటు లేదు, ఊరుకునే అలవాటు అంతకన్నా లేదు.

"అన్నా, బంద్ కాకుండ నడవాలె అంటివి. అట్లాంటి దాంట్ల తిరిగే సామాన్ ఎంత తక్కువుంటె అంత మంచిది. తిరిగేదేదైన ఒకరోజు అరుగుతది. చిన్న ప్రాసెసర్ ఏద్దాం. వేడెక్కది, ఫ్యానే అక్కర్లేదు. పైన రేకు ఉంటది, దానితోనే సల్లబడతది."

"చప్పుడు?" అన్నాడు ఈదయ్య.

"చప్పుడే ఉండది. గదిల ఉన్నదన్న సంగతే మర్చిపోతరు."

"అదే నాకు వద్దనేది. చప్పుడు లేకుంటె అది ఉన్నదో పోయిందో నాకెట్ల తెల్వాలె?"

"పెండ్లాం మాట్లాడకుంటె భయమైతది గద కళ్యాణన్నా, గట్లనే," అన్నాడు ఎల్లేశం.

"నీకు పెండ్లెప్పుడైంది?"

"కాలే. అందుకే ధైర్యంగ చెప్తున్న."

చంద్రిక మధ్యలో పడింది. "అన్నా, ఆయన రోజూ చేసే పని. జర ఆయన మాట వినరాదు?"

ఈదయ్య వినలేదు. లోపలి సామానుకు కరెంటు అందించే డబ్బా విషయంలో మాత్రం కళ్యాణ్ మాటే నెగ్గింది. "దేంట్లనన్న కొసరు గని దీంట్ల కొసరకు. చిక్కడపల్లిల కరెంటు ఎప్పుడు ఎగురుతదో ఎప్పుడు పడుతదో, ఆ దెబ్బ ముందు తినేది ఇదే" అన్నాడు, కొత్తదే వేశాడు. కరెంటు పోతే కాసేపు నిలబెట్టే బ్యాటరీ పెట్టాడు. మానిటర్ అన్న మాట రాగానే ముగ్గురూ నవ్వారు. ఆ గదిలో దాన్ని చూసేదెవరు? ఆ డబ్బు డిస్కులకు మళ్లింది.

డిస్కుల దగ్గర మళ్లీ ఆగారు. పాఠాలు దాచేది వాటిలోనే. రెండు వేయాలని, రెండింటిలోనూ ఒకే సరుకు ఉండాలని, ఒకటి పోతే రెండోది కాపాడుతుందని కళ్యాణ్ చెప్పాడు. దుకాణాల్లో సీసీ కెమెరాల వెనక ఉండే డిస్కులు మూడు అతని దగ్గర ఉన్నాయి. రాత్రింబగళ్లు తిరగడానికే చేసినవి, పాతవే గాని గట్టివి. మూడింటినీ తిప్పి వినిపించమన్నాడు ఈదయ్య. రెండు ఒకే శ్రుతిలో పలికాయి. మూడోది కొంచెం బొంగురుగా ఉంది.

"ఆ రెండు," అన్నాడు.

"అవి జోడన్నా. ఒక్క డబ్బాలకెల్లి తీసినయి. ఒక్కతీరు అరిగినయి, పోతె ఒకదానెనక ఒకటి పోతయి. నేనైతె దీన్లకెల్లి ఒకటి, ఆ మూడోది ఒకటి ఏస్త."

"దానికి గొంతు బాగలేదు."

గిరాకీ తనకిష్టమైనది కొంటానంటే కళ్యాణ్ మాత్రం ఎంతసేపని వాదిస్తాడు. రెండు డిస్కులూ బిగించి, ముందు వైపు వేలితో తట్టి చెప్పాడు: "ఏదన్న ఒకటి పోతె ఈడ ఎర్ర లైటు కొట్టుకుంటది. అది కనవడంగనే నాకు ఫోన్ చెయ్యున్రి, కొత్తది ఏస్త. రెండోది గూడ పోయేదాంక ఆగొద్దు."

"సరే," అన్నాడు ఈదయ్య.

"సరే," అన్నాడు ఎల్లేశం.

చంద్రిక కూడా తలూపింది. ఎర్ర లైటు ఎవరికి కనపడాలన్నది చెప్పినవాడికి తట్టలేదు, విన్న ఇద్దరికి తట్టలేదు, కళ్లున్న మూడో మనిషికీ తట్టలేదు.

చివరగా ఫ్యాను. నాలుగైదు తిప్పించి ఈదయ్య ఒకటి ఏరుకున్నాడు. సన్నగా, ఎడతెగకుండా, దూరంగా పిండిమర నడుస్తున్నట్టు పలికేది. గదిలో అలమర కింద పెట్టారు. మొదటి వారం ఎల్లేశం నిద్ర పట్టక తిట్టాడు. నెల తిరిగేసరికి కరెంటు పోయి అది ఆగితే మెలకువ వచ్చి తిట్టేవాడు.

పెట్టె నడిచింది. గద్వాల నుంచి, సిద్దిపేట నుంచి, పేరు కూడా ఎవరూ వినని తండాల నుంచి పిల్లలు పాఠాలు విన్నారు. చంద్రికకు గద్వాలలో కలెక్టర్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఈదయ్యకు రాలేదు. ఇద్దరూ చదివింది ఒకే గొంతుతో. ఈ అన్యాయం గురించి ఎవరైనా నిట్టూరిస్తే ఈదయ్యకు నచ్చేది కాదు. "ఆమె నాకన్న మంచిగ రాసింది. గంతే" అనేవాడు. ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పాడు, అటు తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆసుపత్రి నుంచి గదికి రాగానే చెప్పులు విడవకముందే గుమ్మంలో ఆగి వినేవాడు. సన్నటి పిండిమర. అంతా బాగుంది.

మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. ఇదే ఆఖరుసారి అని ఈదయ్య తనకు తాను చెప్పుకున్నాడు, ఎల్లేశానికి చెప్పలేదు. పరీక్ష రెండు నెలలుందనగా ఒక ఉదయం వనపర్తి నుంచి అంబిక అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఎకానమీ పాఠం తెరుచుకోవడం లేదంది. ఆ వెంటనే ఇంకొకరు చేశారు. ఈదయ్య వంగి అలమర కింద చెవి పెట్టాడు. ఎప్పటి చప్పుడే.

"మిషిన్ మంచిగనే నడుస్తున్నదమ్మా. నీ నెట్టు చూస్కో," అన్నాడు.

ఆ మాట ఆ రోజు ముగ్గురికి చెప్పాడు. నాలుగోవాడికి చెప్పబోయి ఆగి, కళ్యాణ్‌ను రమ్మన్నాడు.

కళ్యాణ్ గదిలోకి వచ్చి అలమర ముందు కూర్చున్నాడు.

"అన్నా, ఎర్ర లైటు కొట్టుకుంటున్నది గద."

గదికి రోజూ నీళ్లు వేసే రాములు అప్పుడే క్యాన్ భుజం మీంచి దించుతూ అందుకున్నాడు. "అదా. అది చాన రోజులసంది కొట్టుకుంటున్నది. లైటు ఎలుగుతున్నది గద, మంచిగ నడుస్తున్నదనుకున్న."

కళ్యాణ్ పెట్టె విప్పాడు. ఒక డిస్కు పోయి చాలా రోజులైంది. రెండోది నిన్ననో మొన్ననో పోయింది. ఒకే డబ్బాలో ఒకేలా బతికినవి, కొన్ని వారాల తేడాతో పోయాయి. రెండింటినీ పట్టుకెళ్లి వారం రోజులు కుస్తీ పట్టాడు, ఒక్క ముక్క కూడా వెలికి తీయలేకపోయాడు.

"మరి చప్పుడు వస్తనే ఉండె గద," అన్నాడు ఈదయ్య.

"అది ఫ్యాన్‌దన్నా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఈదయ్యకు. ఎన్ని బస్సుల్లో ఎంతమందిని కసిరాడు, మాకేం పాము చెవులు లేవని. లోపల మాత్రం ఆ మాట నమ్మినవాళ్లలో తనకన్నా గట్టివాడు లేడు. లోకం తన చెవిని పొగిడితే కోపం వచ్చింది. తను పొగుడుకుంటే డబ్బు పోసి డిస్కులు కొన్నాడు.

ఇక ఫోన్లు మొదలుపెట్టాడు. ఫోనులోకి దించుకున్నవాళ్ల దగ్గర పాఠాలు ఉండే ఉంటాయి, అవి తిరిగి పోగుచేయొచ్చు అనుకున్నాడు. చరిత్ర అందరి దగ్గరా ఉంది. ఉద్యమం ఉంది, బకెట్ కొట్లాటతో సహా. రాజ్యాంగం ఇద్దరి దగ్గర, భూగోళం ఒకరి దగ్గర దొరికాయి. ఎకానమీ రెండో సగం ఎవరి దగ్గరా లేదు. బతిమాలి అడిగితే అందరూ చెప్పింది ఇంచుమించు ఒకటే. అంబిక మాటల్లో అయితే: "బోరు కొడతది గదన్నా, పరీక్ష ముంగట విందామనుకున్న. మిషిన్ల ఉండనే ఉన్నది, యాడికి పోతది అని."

ఎప్పుడూ ఆగని పెట్టె ఒకటి ఉందన్న ధైర్యంతో ఎవరూ ఏదీ దాచుకోలేదు. అదే లేకపోతే ఎవరి ఫోనులో వాళ్లు ఎలాగో కాపాడుకునేవారు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో ఈదయ్యకు తెలియలేదు. తెలియనప్పుడు దగ్గరున్నవాణ్ని పట్టడం సులువు కాబట్టి తనను తాను పట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క ఫోను. రెండు రోజులు దాన్ని వాయిదా వేశాడు. మూడో రోజు ఆసుపత్రి క్యాంటీన్ వెనకాల నిలబడి చంద్రికకు చేశాడు. జరిగింది దాచకుండా చెప్పాడు, ఫ్యాను సంగతి, జోడి సంగతి కూడా.

"రెండో సగం మొత్తమా?" అంది.

"మొత్తం."

"నేను తిట్లు తినుకుంట చదివింది గదే."

"అవును."

కొంచెంసేపు అవతల ఫైళ్లు సర్దుతున్న చప్పుడు వినపడింది. "అన్నా, నిజం చెప్త, ఏమనుకోవద్దు. నేను మళ్ల చదవ. టైం లేదని అబద్ధం చెప్పొచ్చు, చెప్పను. ఆ పుస్తకం తలుచుకుంటెనే ఆ మేడ, ఆ ఎండ, ఫలితాలకు చూసిన చూపులు యాదికొస్తయి. దాంట్లకెల్లి బయటపడ్డ. మళ్ల పోలేను."

"వద్దులే అమ్మా."

"కోపమొచ్చిందా?"

"రాలే. నువ్వు సేవ చేస్త అననందుకే గద నిన్ను నమ్మింది."

ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడ్డాడు. కోపం నిజంగానే రాలేదు. చంద్రికతో తనకు ఉన్నది బేరం. ఆ బేరంలో ఆమె వంతు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు కావలసింది కొత్త గొంతు. దానికి బదులుగా ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఈదయ్య ఎవరినీ ఊరికే ఏదీ అడగలేదు. రోడ్డు దాటించమని కూడా అడగడు. ఎవరో ఒకరు చేయి పట్టుకునేదాకా ఆగి, పట్టుకున్నాక విసుక్కుంటాడు.

ఎల్లేశం సాయంత్రం మొత్తం విని, "చిక్కడపల్లి లైబ్రరీకి పోరాదు? వందలమంది కూసుంటరు. ఒక్కడన్న దొరకడా" అన్నాడు.

"పోయి ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు. కావాలంటె నేను చెప్త, ఏడ్చుకుంట."

"నువ్వు రాకు."

మర్నాడు ఆసుపత్రిలో సెలవు పెట్టి ఒక్కడే వెళ్లాడు. లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద, గోడల వెంట, మెట్ల మీద, ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని పిల్లలు చదువుతున్నారు. అంతమంది ఉన్నా పేజీలు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. కర్రతో తడుముకుంటూ నడిచి ఒకచోట ఆగాడు. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియలేదు, ఎటో ఒకవైపు తిరిగాడు.

"నా పేరు ఈదయ్య. మీరు రాసే పరీక్షే నేను రాస్తున్న. ఎకానమీ రెండో సగం రికార్డు ఉండె, పోయింది. నా చేతుల్నే పోయింది. నా తీరోళ్లు చానమంది దాని కోసం చూస్తున్నరు. చదివి పెట్టేటోళ్లు కావాలె. ఇచ్చేందుకు నా దగ్గర ఏం లేదు. అడుగుతున్న."

ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరిపి దారి ఇచ్చారు, వెళ్లిపోతాడనుకుని. ఈదయ్య కదలలేదు. చెవులు రిక్కించి వినడం మానేసి, ఊరికే నిలబడ్డాడు.

"ఏ పుస్తకమన్నా?" అంది ఒక మగ గొంతు, కింద నుంచి.

చెప్పాడు.

"నా దగ్గర ఉన్నది. గని నేను సక్కగ చదవ. స్కూల్ల గూడ సారు నన్ను లేపకపోయేది."

"పేరేంది తమ్మీ?"

"సంతోష్. నారాయణఖేడ్. చాయ్ తాపిస్తవా?"

"తాపిస్త."

"అయితె కూసో."

పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఫోను తీసి మధ్యలో పెట్టాడు. ఇది పూర్తికాగానే ముందు అంబికకు ఒక కాపీ, ఎల్లేశానికి ఒకటి, సంతోష్‌కే ఒకటి, ఎవరి ఫోనులో వాళ్లు తెరిచి విన్నామని చెప్పాకే పెట్టెలోకి ఎక్కించాలనుకున్నాడు. సంతోష్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నిజంగానే బాగా చదవడు. 'తలసరి' దగ్గర తడబడ్డాడు, 'వ్యవసాయేతర' దగ్గర ఆగి రెండుసార్లు ప్రయత్నించాడు. పక్క కుర్చీలో ఎవరో కిసుక్కున నవ్వారు. రెండు పేజీలయ్యాక ఆపాడు.

"అన్నా, ఈడ పెద్ద పట్టిక ఉన్నది. జిల్లాల పేర్లు, అంకెలు. ఇడిచిపెట్టి కిందికి పోనా?"

"పోకు. మొదటి జిల్లా తోని మొదలువెట్టి, అడ్డం చదువు."

"అన్నీ అంటె పొద్దు గూకుతది."

"గూకనీ," అన్నాడు ఈదయ్య. "ఆదిలాబాద్ నుంచి చదువు."